ఉనకేశ్వర క్షేత్ర చరిత్ర – ఉష్ణగుండము నేర్పు ధర్మము



మంథనిలో గౌతమేశ్వర స్వామి సన్నిధిని గోదావరీ స్నానము చేయుట, దిగువన కాళేశ్వరమున ప్రాణహితా సంగమమునకు నమస్కరించుట మన పెద్దలు నేర్పిన ఆచారము. ఆ ప్రాణహిత వెంట ఎగువకు పోయి చూచినచో అది వార్ధా, వైనగంగా నదుల కలయిక యని తెలియును. ఆ వార్ధాలో కలియునది పెన్‌గంగ. దాని పరీవాహకమున, కిన్వట్ ప్రాంతమందు, ఉనకేశ్వరమను శివక్షేత్రము కలదు. అచ్చట భూమినుండి గంధకము కలిసిన వేడినీరు ఊరుచుండును. మరాఠీలో 'ఊన్' అనగా వేడిమి. ఆ మాట క్షేత్రనామమునందే వినవచ్చుచున్నది.

శరభంగ మహర్షి ఆశ్రమమునకు శ్రీరాముడు వచ్చుట, రామదర్శనానంతరము మహర్షి అగ్నిప్రవేశము చేసి బ్రహ్మలోకమునకు చనుట వాల్మీకి అరణ్యకాండలో కలదు. వేడినీటి ప్రసక్తి అందు లేదు. స్థలపురాణము మాత్రము, మహర్షి చర్మవ్యాధితో బాధపడుచుండగా రాముడు బాణముతో భూమిని భేదించి ఉష్ణజలమును రప్పించెనని చెప్పును. కావ్యమును కావ్యముగా, స్థలపురాణమును స్థలపురాణముగా మనము గౌరవింతము. కాని ఒక విషయము గమనింపదగినది. ఈ కథలో రోగి పాపి కాడు, మహర్షి. రోగి దేవుని వెదకికొని పోలేదు. దేవుడే రోగి ముంగిటికి వచ్చెను.

చర్మవ్యాధి కలవారిని ఊరి బావికి రానీయని దినములు మన పల్లెలలో ఉండెను. అట్టివారికి నీరు నిరాకరింపని చోటు ఈ గుండము. శివాలయము, స్నానఘట్టము, యాత్రికుల రాకపోకలు, వారిని ఆశ్రయించిన జీవనము, అన్నియు ఈ నీటిచుట్టే పెరిగినవి.

నిజాం కాలమున కిన్వట్ తాలూకా మన ఆదిలాబాదు జిల్లాలోనిదే. 1956 నవంబరు 1న భాషాప్రాతిపదికపై రాష్ట్రములు ఏర్పడినపుడు అది బొంబాయి రాష్ట్రమునకు పోయెను. 1960లో మహారాష్ట్రలో భాగమయ్యెను. జిల్లా చీలినను యాత్ర చీలలేదు. మాహూరు రేణుకామాతను సేవింప పోవు తెలుగువారు ఈ గుండమును కూడ దర్శించుచుందురు. గుండములో దిగిన వానిని నీది ఏ భాష యని నీరు అడుగదు.

నీరు వేడెక్కుటకు కారణమును శాస్త్రజ్ఞులు ఇట్లు చెప్పుదురు. వాననీరు రాతిపగుళ్లలో మిక్కిలి లోతునకు ఇంకును. కిలోమీటరు లోతునకు సుమారు 25 నుండి 30 డిగ్రీల వేడిమి పెరుగును. అట్లు కాగిన నీరు ఖనిజములను కరగించుకొని మరియొక పగులుగుండా పైకి వచ్చును. మన గోదావరి లోయలోనే మణుగూరు చెంత పగిడేరులో ఇట్టి ఉష్ణజలము కలదు. కారణము తెలిసినంత మాత్రమున మహిమ తరుగదు. సృష్టికర్త ఏర్పాటు మరింత స్పష్టమగును.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయుట మా ధర్మము. గంధకజలము దురదను కొంత ఉపశమింపజేయవచ్చును. కుష్ఠువ్యాధిని మాత్రము నయము చేయజాలదు. ఆ వ్యాధికి బహుళ ఔషధ చికిత్స 1983లో మన దేశమున ప్రారంభమయ్యెను. ప్రభుత్వ ఆసుపత్రులలో ఆ మందు ఉచితము. మందు మొదలిడిన పిమ్మట వ్యాధి ఇతరులకు అంటదు. 2005 నాటికి దేశమున పదివేల మందికి ఒకరికన్న తక్కువగా రోగులు మిగిలిరి. అయినను వ్యాధి పూర్తిగా తొలగలేదు. కావున స్నానము భక్తికొరకు, మందు రోగముకొరకు. ఒకదానికై రెండవదానిని విడువరాదు.

2022లో ప్రాణహిత పుష్కరములందు మనలో ఎందరో కాళేశ్వరమున మునిగితిమి. ఆ ప్రవాహమున పెన్‌గంగ నీరును కలదు. ఆ నీటిని తలదాల్చి పుణ్యము కోరిన మనము, ప్రక్కన మచ్చలు గల దేహముతో ఒకడు స్నానమునకు దిగగానే ఒడ్డెక్కుట తగునా? శ్రీరాముడు నడచి వచ్చినది అట్టివాని యొద్దకే గదా! ఈసారి అట్టివాడు మన రేవునకు వచ్చినచో, మనమే చేయందించి దింపుదము. ఉనకేశ్వరుని సేవించుట యనగా అదియే.

శుభమ్.