తకాలి, మామునూరు: రెండు విమానక్షేత్రముల చరిత్ర

మధ్యధరా సముద్రమున, సిసిలీకి దక్షిణముగా నున్న మాల్టా ద్వీపములో, ఎండిపోయిన యొక ప్రాచీన సరస్సు గర్భమున 1938లో పౌరవిమానములకై తెరువబడిన తకాలి క్షేత్రమునకును, వరంగల్లునుండి ఖమ్మము పోవు బాటలో నిజాము ప్రభుత్వము 1930లో నిర్మించిన మామునూరు విమానాశ్రయమునకును సంబంధమేమని పాఠకులు శంకింపవచ్చును. ఆ సంబంధము నిజాము ధనమే.

రెండవ ప్రపంచయుద్ధమున, మిత్రరాజ్యముల సిసిలీ దండయాత్రకు ముందు, 1943 జూన్‌లో, తకాలి చేరిన బ్రిటిష్ దళములలో 152వ స్క్వాడ్రనుకు హైదరాబాదు స్క్వాడ్రనని పేరు. నిజాము యుద్ధమున కొసగిన ద్రవ్యసాహాయ్యమునకు గుర్తుగా వచ్చిన యా పేరుతోపాటు దాని చిహ్నముపై నిజాము దస్తారు (తలపాగా) కూడ చిత్రింపబడినది. ఆ ధనము నిజాము సొంత భూములదైనను (సర్ఫెఖాసు), ప్రభుత్వ భూములదైనను (దివానీ), మూలము రైతు చెల్లించిన శిస్తే గదా! కనుక తకాలి చరిత్రలో నిజాము రాజ్యమునకు చెందిన మంచిర్యాల, లక్షెట్టిపేట ప్రాంతముల వారికిని పాలు కలదని నా నిశ్చయము.

అంతకుముందే, 1940 జూన్ 11న, ఇటలీ విమానములు మాల్టాపై బాంబులు కురిపింప నారంభించినవి. ఆ నవంబరులో తకాలి సైనికస్థావరమైనది. 1942 మార్చి 20, 21 తేదీలలో జర్మను బాంబర్లు దానిని ఛిన్నాభిన్నము చేసినవి. ఏప్రిల్ 20న వాస్ప్ అను అమెరికా నౌకనుండి ఎగిరి వచ్చిన స్పిట్‌ఫైర్ యుద్ధవిమానములలో అనేకములు, పోరుటకు సిద్ధము కాకముందే, నేలమీదనే ధ్వంసమైనవి. ఖాళీ పెట్రోలు డబ్బాలలో మట్టియు రాతిముక్కలును కూరి, ఒకదానిపై నొకటి పేర్చి, మూడు ప్రక్కల గోడలెత్తి, విమానములకు కొట్టములు కట్టిరి. మే 9న మరియొక దఫా స్పిట్‌ఫైర్లు దిగినపుడు, వానిని ఆ కొట్టములలోనికి నడిపించి, పెట్రోలు పోసి, గుండ్లు నింపి, ద్వీపపు గాలిని ఎరిగిన పైలట్లను ఎక్కించి, కొద్ది నిమిషములలోనే మరల గగనమున కంపిరి.

మామునూరును వర్తక సౌకర్యమునకు పుట్టినదే. వరంగల్లులోని ఆజంజాహి మిల్లునకును, మంచిర్యాల మీదుగా పోవు రైలుబాటపై నున్న కాగజ్‌నగరు కాగితపు మిల్లునకును అది యుపకరించినది. యుద్ధము దానినిగూడ విడువలేదు. 1948లో సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీనుండి రాత్రివేళల నిజాము రాజ్యమునకు ఆయుధములు చేరవేయించెను. సెప్టెంబరు 13న హైదరాబాదుపై భారత ప్రభుత్వపు పోలీసు చర్య ఆరంభమైన పిమ్మట భారత వైమానిక దళము వరంగల్లు (మామునూరు), బీదరు విమానక్షేత్రములపై బాంబులు వేసినది. 1981లో మామునూరు మూతపడినది.

తకాలిలో నేడు క్రీడాప్రాంగణము కలదు. సైనికులు విడిచిన రేకుల గుడిసెలలో చేతిపనివారు చేరిరి. ఆ ప్రక్కనే వైమానిక ప్రదర్శనశాలలో ఒక స్పిట్‌ఫైరు, ఒక హరికేను యుద్ధవిమానము పునరుద్ధరింపబడి నిలిచియున్నవి. మామునూరు పునరుద్ధరణమునకు 2025లో కేంద్రప్రభుత్వ మనుమతి నిచ్చినది. అదే యేట ఆదిలాబాదు విమానక్షేత్రమున పౌరవిమానములకు వైమానిక దళము సమ్మతించినది. రెండును సంతోషింపదగిన వార్తలే. అయినను నూతన నిర్మాణములు పాత ఆనవాళ్లను కప్పివేయకముందే, నిజాము కాలపు రన్‌వేల కొలతలు తీసి, పటములు గీసి, మామునూరు చుట్టుపట్ల గ్రామముల వృద్ధుల జ్ఞాపకములను లిఖింపవలసియున్నది. ఈ పనికి కాకతీయ విశ్వవిద్యాలయపు చరిత్రశాఖ పూనుకొనదగును.