చిగుళ్ళ వ్యాధి

దంతాలను పట్టి ఉంచే చిగుళ్ళకు, వాటి కింది స్నాయువులకు, దవడ ఎముకకు పాచిలోని సూక్ష్మజీవుల కారణంగా కలిగే వ్యాధిని చిగుళ్ళ వ్యాధి అంటారు. చిగురు మాత్రమే వాచిన దశ జింజివైటిస్. ఎముక కూడా కరగడం మొదలైన దశ పెరియోడాంటైటిస్. దీనినే పూర్వం పయోరియా అనేవారు. మొదటి దశ పూర్తిగా నయమవుతుంది, రెండవ దశలో పోయిన ఎముక సాధారణంగా తిరిగి రాదు. సుశ్రుత సంహితలో చీము, నెత్తురు కారి పళ్ళు కదలడాన్ని దంతవేష్టమని వర్ణించారు.

కారణాలు

పంటిపై జిగటగా పేరుకొనే పాచిని తొలగించకపోతే అది లాలాజలంలోని ఖనిజాలతో గట్టిపడి గారగా మారుతుంది. గారను బ్రష్షు గాని, వేపపుల్ల గాని తీయలేవు. 1965లో డెన్మార్కులో హెరాల్డ్ లో బృందం, ఆరోగ్యవంతులు పళ్ళు తోముకోవడం మానితే రెండు మూడు వారాలలో చిగుళ్ళు వాస్తాయనీ, తిరిగి తోమితే తగ్గుతుందనీ నిరూపించింది.

పొగాకు ఈ వ్యాధిని తీవ్రం చేస్తుంది. పొగ తాగేవారికి చిగుళ్ళ నుండి రక్తం తక్కువగా కారుతుంది కనుక రోగం ముదిరే వరకు తెలియదు. మధుమేహంతో సంబంధం రెండు వైపులా ఉంటుంది: చక్కెర అదుపు తప్పితే చిగుళ్ళు చెడతాయి, చిగుళ్ళు చెడితే చక్కెర అదుపు కష్టమవుతుంది. గర్భిణులలోను, ఫెనిటాయిన్ వంటి మూర్ఛ మందులు వాడేవారిలోను చిగుళ్ళు వాచడం, పెరగడం కనిపిస్తుంది.

లక్షణాలు

తోమేటప్పుడు రక్తం, నోటి దుర్వాసన, చిగురు కిందికి జారి పళ్ళు పొడుగ్గా కనిపించడం, చివరకు పళ్ళు కదలడం. నొప్పి సాధారణంగా ఉండదు. అందువలననే ఆలస్యం జరుగుతుంది. రక్తం వస్తోందని ఆ చోట తోమడం మానడం పొరపాటు, పాచి అక్కడే మరింత పేరుకొంటుంది.

చికిత్స

వైద్యులు సన్నని కొలత కడ్డీతో పంటికీ చిగురుకూ మధ్య లోతు చూస్తారు. 3 మిల్లీమీటర్ల వరకు మామూలు. గార తీయడం, అనగా స్కేలింగ్, మొదటి చికిత్స. లోతు ఎక్కువైతే వేరు శుభ్రపరచడం, శస్త్రచికిత్స అవసరం కావచ్చు. స్కేలింగు వలన పళ్ళు వదులవుతాయనే అపోహ మన ప్రాంతంలో బలంగా ఉంది. నిజానికి అప్పటికే ఎముక తగ్గి ఉంటుంది, గార పోగానే ఆ సందు బయటపడుతుంది.

తెలంగాణలో

మడికొండ, కాజీపేట వంటి చోట్ల వేపపుల్ల, బొగ్గుపొడి, ఉప్పు వాడిన తరం ఇంకా ఉంది. పుల్లను మెత్తగా నమిలి కుంచెలా చేసి వాడితే పాచి కొంత పోతుంది. గరుకైన బొగ్గు, ఇటుక పొడులు మాత్రం పంటిని అరగదీస్తాయి. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల, ఖమ్మంలో మమత దంత వైద్య కళాశాల ఉన్నాయి.