ఎల్ము వృక్షము – నామచరిత్ర

పేరు విన్నంతనే పుట్టుక తెలిసిన దనుకొనుట మనుష్యులకు సహజమైన యలవాటు. ఊరిపేరు చెప్పినచో దేశము తెలిసినదనియు, ఇంటిపేరు చెప్పినచో కులము తెలిసినదనియు, కులము తెలిసినచో గుణము తెలిసినదనియు మనము మెట్టుపై మెట్టు కట్టుకొనుచున్నాము. ఈ మెట్లలో మొదటిదే గట్టిది కాదని చూపుటకై మేమొక చెట్టు కథను చెప్పదలచితిమి. మనుష్యుల కథ చెప్పినచో కొందరికి కోపము రావచ్చును. చెట్టు కథకు కోపగించువా రుండరు.

మేము తరగతిలో నొక ఆంగ్లపద్యమును బోధించుచుండగా 'ఎల్ము' అను మాట వచ్చినది. ఒక బాలిక లేచి, "మాస్టారూ, ఈ చెట్టును తెలుగులో ఏమంటారండీ?" అని యడిగెను. మా యొద్దనున్న నిఘంటువులో "ఒక జాతి వృక్షము" అని మాత్రమే యున్నది. అదియే చెప్పితిమి. బాలిక కూర్చుండెను గాని మాకు తృప్తి కలుగలేదు. నాటి నుండి ఆ చెట్టు పేళ్లను గూర్చి చదువుచు వచ్చితిమి.

ఎల్ము ఐరోపా, ఆసియా, ఉత్తర అమెరికా ఖండములలోని చల్లని ప్రదేశములందు పెరుగు మహావృక్షము. దాని యాకు అంచు రంపపు పండ్లవలె నుండును. దాని కలప నీటిలో నానుచున్నను చిరకాలము చెడదు; కావుననే పూర్వము లండను నగరమున ఎల్ము దూలములను తొలిచి మంచినీటి గొట్టములుగా భూమిలో పాతిరి. శవపేటికలకును ఈ కలపనే వాడెడివారు. లాటినువారి 'ఉల్మస్', ప్రాచీన నార్వేవారి 'అల్మ్‌ర్', ఆంగ్లేయుల 'ఎల్ము' ఒక కుటుంబపు మాటలే. నార్సు పురాణములలో మొదటి స్త్రీ పేరు ఎంబ్లా. ఆ పేరు ఈ చెట్టు నుండియే వచ్చినదని కొందరు పండితులును, కాదని కొందరును వాదింతురు. ఇంతవరకు చిక్కు లేదు. ఈ పేరునకు ముందు విశేషణములు చేరినపుడే చిక్కు మొదలైనది.

మొదటిది 'విచ్ ఎల్ము'. ఆంగ్లమున 'విచ్' అనగా మంత్రగత్తె యని పిల్లలకు కూడ తెలియును. కావున ఇది మంత్రగత్తెల చెట్టని తలంచినవా రుండిరి. కాని ఈ చెట్టుపేరులోని 'విచ్' వేరుమాట. వ్రాతలో నక్షరములును వేరే. ప్రాచీనాంగ్లమున దాని యర్థము 'సులభముగా వంగునది' అని. 12వ శతాబ్దపు గ్రంథకర్తయగు జెరాల్డు, వేల్సుదేశీయులు అడవి ఎల్ముతో విండ్లు చేసికొనెడివారని వ్రాసెను. వంగు గుణము చేత వచ్చిన పేరు ధ్వనిసామ్యము చేత మంత్రగత్తెపాలైనది. చెట్టునకు దీనివలన నష్టము లేదు. మన పల్లెలలో 'చేతబడి' యను మాట ఒంటరి ముసలమ్మపై పడినచో నెట్టి కీడు మూడునో చదువరు లెరుగుదురు.

రెండవది 'ఇంగ్లీషు ఎల్ము'. ఇంగ్లండు పల్లెల పొలముగట్లపై నిలిచి, ఆ దేశపు చిత్రకారుల పటములలో కెక్కి, ఆ దేశపు ముఖమే తానైన చెట్టిది. దీనికంటె నచ్చమైన ఆంగ్లవృక్షము లేదని ఆంగ్లేయులు గర్వించిరి. 2004లో స్పెయినుదేశపు శాస్త్రజ్ఞులు దీని జన్యులక్షణములను పరీక్షించిరి. ఇంగ్లండు, స్పెయిను, ఇటలీ దేశములలోని యీ చెట్లన్నియు నొకే చెట్టునుండి పిలకల ద్వారా వచ్చినవనియు, ఇది రోమకులు ద్రాక్షతీగెలకు పందిరిగా నాటిన 'అతీనియా' ఎల్మనియు వారు తేల్చిరి. క్రీస్తుశకము 50 ప్రాంతమున వ్యవసాయగ్రంథము వ్రాసిన కొలుమెల్లా ద్రాక్షతోటల కీ చెట్టును మెచ్చుకొనెను. అతడు స్పెయినులో పుట్టి ఇటలీలో సేద్యము చేసినవాడు. ఈ నిర్ణయమును బట్టి ఆంగ్లేయుల కులవృక్షము రోమకుల వెంట వచ్చిన పరదేశి. ఇది విత్తనముల చేత గాక వేళ్లనుండి లేచు పిలకల చేతనే వ్యాపించును. కావున తల్లికిని బిడ్డకును భేదము లేదు. స్వచ్ఛమైన వంశమని పొగడదగిన యీ లక్షణమే దానికి మృత్యువైనది. ఒక చెట్టును చంపగలిగిన తెగులు చెట్లన్నింటిని చంపగలిగెను.

ఆ తెగులు పేరే మూడవ తప్పు. దానిని లోకము 'డచ్చి ఎల్ము తెగులు' అని పిలుచుచున్నది. డచ్చివారు మనకు క్రొత్తవారు కారు. 1605లో బందరున వర్తకము మొదలుపెట్టిన హాలండువారిని మన పెద్దలు వలందులనిరి. బందరులోని వలందపాలెము వారి పేరనే వెలసినది. ఈ తెగులు హాలండులో పుట్టినదా? పుట్టలేదు. ఆసియాఖండము నుండి వచ్చినదని శాస్త్రజ్ఞుల యూహ. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఐరోపాలో ఎల్ము చెట్లు ఆకులు వాడి యెండిపోసాగెను. కొందరు కరవు కారణమనిరి. మరికొందరు యుద్ధమున వదలిన విషవాయువుల ఫలమనిరి. నిజము కనుగొన్నవారు హాలండుదేశపు స్త్రీలు.

1917లో యోహన్నా వెస్టర్‌డైక్ ఆ దేశమున ప్రథమ స్త్రీ ఆచార్యురాలైనది. ఆమె నడపిన వృక్షరోగ పరిశోధనశాలలో యాబదిమందికి పైగా విద్యార్థులు డాక్టరు పట్టము నందిరి. వారిలో దాదాపు సగము మంది స్త్రీలు. 1921లో డీనా స్పీరెన్‌బర్గ్ ఈ రోగమును వర్ణించి ప్రకటించెను. వెస్టర్‌డైక్ శిష్యురాలగు బేయా ష్వార్ట్స్ చచ్చిన కొమ్మలనుండి ఒక బూజును వేరుచేసి, రోగకారణ మిదియే యని 1922లో సిద్ధాంతీకరించెను. ఇతర దేశముల పండితులు కొందరు నమ్మలేదు. మరియొక శిష్యురాలగు క్రిస్టీన్ బైస్మన్ ఆ బూజును ఆరోగ్యముగల చెట్లలోని కెక్కించి, రోగము పుట్టించి చూపి, వివాదమును ముగించెను. బెరడుక్రింద తొలుచు చిన్న పురుగులు ఈ బూజును చెట్టునుండి చెట్టునకు మోయును; చెట్టు తన నీటినాళములను తానే మూసికొని దాహముతో చచ్చును. బైస్మన్ తెగులునకు తట్టుకొను ఎల్ము రకములకై వెదకుచు 1936లో ముప్పదియారేండ్లకే మరణించెను. ఆమె వెదకి యెన్నిన రకమున కామె పేరే పెట్టిరి.

రోగమును కనిపెట్టిన దేశము పేరు రోగమునకే యంటుకొన్నది. కనిపెట్టిన స్త్రీల పేళ్లు మరుగుపడినవి. దీపము పట్టుకొని దొంగను చూపినవానినే దొంగ యనినట్లున్నది. 1918 నాటి విషజ్వరమును 'స్పెయిను జ్వర'మనుటయు నిట్టిదే. యుద్ధము చేయుచున్న దేశములు వార్తల నణచిపెట్టగా, యుద్ధమున చేరని స్పెయిను పత్రికలు నిజము వ్రాసినందున ఆ పేరు వచ్చెను. రోగములకు దేశముల పేళ్లు పెట్టవలదని ప్రపంచారోగ్యసంస్థ 2015లో హితవు చెప్పినది. 1960 తరువాత ఉత్తర అమెరికా నుండి వచ్చిన కలపతో మరింత ఘోరమైన తెగులు ఇంగ్లండున ప్రవేశించి, సుమారు రెండున్నర కోట్ల ఎల్ములను నేల గూల్చినది. దానిని మాత్ర మెవ్వరును అమెరికా తెగులనలేదు.

ఇక బాలిక ప్రశ్నకు వత్తము. సామర్లకోటలో 1781 మొదలు 1793 వరకు నివసించిన రాక్స్‌బరో అను స్కాట్లండు వైద్యుడు మన చెట్లను పరిశీలించి, తెలుగుపేళ్లతో సహా గ్రంథస్థము చేసెను. ఇక్కడి చెట్టు నొకదానిని చూచి, ఇది ఎల్మే కాని దీని యాకు అంచున రంపపు పండ్లు లేవని గ్రహించి, లాటినున 'నిండు ఆకుల ఎల్ము' అని పేరు పెట్టెను. 1848లో ప్లాంషాన్ అను ఫ్రెంచి పండితుడు దానిని ఎల్ముజాతి నుండి విడదీసి వేరుజాతిగా నిలిపెను. జాతి మారినను ఆంగ్లమున దానిని నేటికిని 'ఇండియను ఎల్ము' అనియే యందురు. మన నెమలినార చెట్టే యది. సంస్కృతమున దీనిని చిరబిల్వ మందురు. ఇది మారేడు కాదు. కొంద రీ చెట్టునే పూతికరంజ మందురు. ఇది కానుగయు కాదు. కాని 'పూతి' యనగా దుర్గంధము గలది. ఆకు నలిపి చూచినవాడు పెట్టిన పేరు గనుక ఆ మాట మాత్రము నిజము.

మేము బాలికను, తోడిపిల్లలను చెరువుగట్టుపై నున్న నెమలినార క్రిందికి తీసికొనిపోతిమి. వారు రెక్కల కాయలను ఏరిరి. ఆకు నలిపి ముక్కు మూసికొనిరి. "ఎల్మునకు తెలుగుపేరు లేదమ్మా, దాని చుట్టమునకు మాత్ర మున్నది" అని చెప్పితిమి. తిరిగి వచ్చునపుడు, ఆ నెలలోనే చేరిన యొక బాలుని "మీ ఇంటిపేరేమిట్రా?" అని తోడివాడొకడు అడుగుట మా చెవిని పడెను. వాడు తలవంచుకొనెను. ఆ ప్రశ్న యెందుల కడుగుదురో మన మందర మెరుగుదుము. పెద్దలమగు మనము ఇండ్లలో నడుగగా విని పిల్లలు నేర్చినదే యది. ఆకు నలిపి చూచిన గాని చెట్టు గుణము తెలియదని యప్పుడే చెప్పి వచ్చితిమి గదా! పిల్లవాని మాటను, చేతను చూడకమునుపే ఇంటిపేరుతో వానిని తూచుట యెంతటి న్యాయమో చదువరులే యోచింతురు గాక.