డీఎన్‌ఎస్ ఫార్వర్డింగ్: తప్పుదారి పట్టించే లాగ్ సందేశాలు

విండోస్ సర్వర్‌లోని డీఎన్‌ఎస్ సేవ తనకు తెలియని పేర్ల గురించిన ప్రశ్నలను ఫార్వర్డర్లుగా నమోదైన సర్వర్లకు పంపుతుంది. అక్కడ ఏదైనా చిక్కొస్తే ఈవెంట్ లాగ్ చెప్పే కారణం, అసలు కారణం ఒకటి కాకపోవచ్చు.

5504 ఈవెంట్ ఇందుకు మంచి ఉదాహరణ. ఫలానా ఐపీ చిరునామా నుంచి వచ్చిన ప్యాకెట్‌లో చెల్లని డొమైన్ పేరు ఉందని, దాన్ని తిరస్కరించామని అది చెబుతుంది. కనిపించే చిరునామా చాలాసార్లు ఫార్వర్డర్‌దే; అది వేరెవరో ఇచ్చిన జవాబును మోసుకొచ్చి ఉండవచ్చు. అందుకే ఫార్వర్డర్‌ను నడిపే ఇంటర్నెట్ సంస్థపై వెంటనే నింద వేయడం న్యాయం కాదు. అరుదుగా వస్తే పట్టించుకోనక్కర్లేదు.

సర్వర్‌కు తన చిరునామాకే పంపిన ప్యాకెట్ ఎదురైందని చెప్పే 7062 ఈవెంట్‌ను చూసి దాడి జరిగిందని కొందరు భయపడతారు. నిజానికి చాలాసార్లు ఫార్వర్డర్ల జాబితాలోనో, రూట్ హింట్స్‌లోనో, డెలిగేషన్‌లోనో సర్వర్ సొంత చిరునామా చేరి ఉంటుంది. దాన్ని తీసేస్తే చాలు.

ఫార్వర్డర్ల ట్యాబ్‌లో పేరు దొరకలేదన్న సందేశం మరీ మోసకరం. ఫార్వర్డర్ ఐపీకి రివర్స్ రికార్డు లేకపోయినా అది కనిపిస్తుంది. ఫార్వర్డింగ్ మాత్రం సాగుతూనే ఉంటుంది.

కొన్ని పేర్లు మాత్రమే విఫలమైతే ఫైర్‌వాల్‌ను అనుమానించాలి. 1987 నాటి ప్రమాణం యూడీపీ సందేశాన్ని 512 బైట్లకు పరిమితం చేసింది. 1999లో వచ్చిన ఈడీఎన్‌ఎస్ ఆ హద్దు దాటనిచ్చింది. విండోస్ సర్వర్ 2003 దాన్ని వాడడం మొదలుపెట్టాక పాత ఫైర్‌వాల్‌లు పెద్ద జవాబులను పారేశాయి. ఈడీఎన్‌ఎస్‌ను ఆపేయడం తాత్కాలిక ఉపాయమే, ఫైర్‌వాల్‌ను సరిచేయడమే సరైన పని.

నిర్ధారణకు ఎన్‌ఎస్‌లుకప్‌తో అదే పేరును ముందు ఫార్వర్డర్‌ను, తర్వాత సొంత సర్వర్‌ను అడిగి జవాబులు పోల్చాలి.