పైత్యం నుంచి మూడ్ దాకా

పొద్దున్నే కడుపులో తిప్పితే పైత్యం. మనిషి తిక్కతిక్కగా మాట్లాడినా పైత్యమే. పిత్తానికీ మనసుకూ లంకె ఉందన్న పాత నమ్మకం మన మాటల్లో ఇంకా బతికే ఉంది. ప్రాచీన గ్రీకు వైద్యులదీ ఇంచుమించు ఇదే లెక్క. వీడని దిగులుకు వాళ్లు పెట్టిన పేరు మెలాంకోలియా, అంటే నల్ల పిత్తం.

ఆ దిగులుకూ, పట్టపగ్గాల్లేని ఉద్రేకానికీ చుట్టరికం ఉందని క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లోనే కపడోకియా వైద్యుడు అరిటేయస్ రాశాడు. అయినా ఆ రెండూ ఒకే జబ్బని తేలడానికి పంతొమ్మిదో శతాబ్దం దాకా ఆగాల్సి వచ్చింది. 1850లలో పారిస్‌లో ఫాల్రే, బైయార్జే అనే ఇద్దరు వైద్యులు, ఒకే మనిషిలో ఉద్రేకం, కుంగుబాటు వంతులవారీగా వచ్చిపోవడాన్ని విడివిడిగా వర్ణించారు. ఫాల్రే దాన్ని ‘వలయాకార ఉన్మాదం’ అన్నాడు. ఒక్కరోజు చూస్తే సగం జబ్బే కనిపిస్తుంది. ఏళ్ల తరబడి గమనిస్తేనే వలయం పూర్తవుతుంది. 1899లో జర్మన్ వైద్యుడు క్రేపెలిన్ ఈ ఆటుపోట్లన్నిటినీ ‘మానిక్ డిప్రెసివ్’ జబ్బు కింద చేర్చాడు. 1957లో లియోన్‌హార్డ్, కుంగుబాటు ఒక్కటే ఉన్నవాళ్లనూ రెండూ ఉన్నవాళ్లనూ వేరుచేశాడు. బైపోలార్ అన్న మాటకు దారి అదే.

మనోవ్యాధికి మందు లేదని సామెత. కానీ ఈ జబ్బుకు ఒక మందు దొరికింది. ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే వైద్యుడు లిథియం లవణం ఎక్కించిన గినీ పందులు మందకొడిగా మారాయి. ముందు తానే మింగి చూసుకుని, తర్వాత ఉద్రేకంలో ఉన్న పదిమంది రోగులకు ఇచ్చాడు. ఏళ్లుగా ఆసుపత్రిలోనే ఉన్న ఒకాయన నెలల్లో ఇల్లు చేరాడు. 1949లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అయితే మోతాదు మించితే లిథియం విషమే. అందుకే ఇప్పటికీ రక్తపరీక్ష చూసుకుంటూ వాడతారు.

అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎంలో ‘మూడ్ డిజార్డర్స్’ అన్న శీర్షిక 1987లో వచ్చింది. 2013 కూర్పులో బైపోలార్, డిప్రెషన్ వేర్వేరు అధ్యాయాలయ్యాయి. పేర్లు మారినా గడువు లెక్క మాత్రం ఉంది: మిగతా లక్షణాలతో పాటు కుంగుబాటు కనీసం రెండు వారాలు, ఉద్రేకం వారం రోజులు ఉందా అని చూస్తారు.

‘మూడ్ బాగోలేదు’ అని మనం రోజూ అనుకునేదే. విన్నవాళ్లు ‘ఎందుకు?’ అని ఊరుకోకుండా ‘ఎన్నాళ్లుగా?’ అని కూడా అడిగితే, ఫాల్రే చూసిన చోటు నుంచి చూసినట్టే.