బేగంపేట దోమ, దాటవేసిన ప్రకరణం

జంతుశాస్త్రం చెప్పే అధ్యాపకులు జననేంద్రియాల ప్రకరణం రాగానే "ఇంటివద్ద చదువుకోండి" అని పుట తిప్పివేయడం విద్యార్థిగా చూసినాను, ఇప్పుడు సహోద్యోగిగానూ చూస్తున్నాను. ఆ తరగతిలో ఆడపిల్లలు తమ దేహాన్ని గురించి నేర్చుకునే మొదటి పాఠం మౌనమే. ఆ అధ్యాపకులే సికింద్రాబాదు బేగంపేటలో రోనాల్డ్ రాస్ చేసిన పరిశోధనను గర్వంగా వర్ణిస్తారు. దాటవేసిన ప్రకరణమూ గర్వపడే ప్రకరణమూ ఒకటేనని చెప్పడానికి తెలుగు పాఠాలు చెప్పుకునే నాబోటివాడు పూనుకోవలసి వచ్చింది.

1897 ఆగస్టులో హుసేన్ ఖాన్ అనే చలిజ్వర రోగి, దోమకు ఒక అణా చొప్పున ఒప్పుకొని, రాస్ పెంచిన దోమలచేత కుట్టించుకున్నాడు. వైద్యచరిత్రలో ఇంత చౌకగా కొన్న నెత్తురు మరొకటి వుంటుందా అని నాకు అనుమానం. ఆగస్టు 20న, మచ్చల రెక్కల దోమ ఒకదాని కడుపు గోడలో రాస్‌కు గుండ్రని కణాలు కనిపించాయి. వాటిలో నల్లని రేణువులు. మలేరియా రోగుల నెత్తురులో అతడు ఎన్నోసార్లు చూసిన రేణువులే అవి. మరునాడు కోసిన దోమలో ఆ కణాలు మరింత పెరిగి వున్నాయి. పరాన్నజీవి దోమలో బ్రతుకుతున్నదని తేలింది.

అయితే ఆ కణం ఏమిటో ఆనాడు రాస్‌కు తెలియదు. రోగి నెత్తురును గాజుపలకపై వుంచితే కొన్ని కణాలనుంచి కొరడాలవంటి సన్నని తోకలు వెలువడి ఈదిపోతాయి. 1880లో అల్జీరియాలో లావెరాన్ వాటిని చూసినాడు. గురువు మాన్సన్ మాటమీద రాస్ వాటిని ఒకరకం విత్తులనుకున్నాడు. నిజానికి అవి శుక్రకణాలు! 1897లోనే ఉత్తర అమెరికాలో మెకాలమ్ అనే యువవైద్యుడు, కాకుల నెత్తురులో వుండే ఇటువంటి జీవిని పరిశీలిస్తూ, ఒక తోక మరొక కణంలోకి చొచ్చుకుపోయి కలిసిపోవడం కళ్ళారా చూసినాడు. దోమ కడుపులో మగకణం సుమారు పావుగంటలో ఎనిమిది శుక్రకణాలదాకా విడుస్తుంది. అందులో ఒకటి ఆడకణంతో కలుస్తుంది. ఆ సంయోగఫలమే కడుపు గోడలో చేరి కాయలా పెరుగుతుంది. బేగంపేటలో రాస్ చూసినది ఆ కాయనే.

ఒకే కణంగా బ్రతికే ప్రాణి. అండకోశం లేదు, వృషణం లేదు, నాళం లేదు. అయినా ఆడ వున్నది, మగ వున్నది. ఇది జంతువు కాదు, మనకు పూర్వీకుడూ కాదు. కాని ఇంద్రియాలు లేకుండానే లింగభేదం సాగుతుందనడానికి ఇంతకన్న సాక్ష్యమేమి కావాలి? కెనడా ఉత్తరాన దొరికిన ఒక ఎర్రనాచు శిలాజంలో, జంతువుల జాడలేని సుమారు 100 కోట్ల యేండ్లనాడే, లైంగిక కణాల గుర్తులున్నాయి.

జంతువులలోనైనా ఇంద్రియాలు ఒక్కసారిగా రాలేదు. స్పంజికకు బీజకోశమే లేదు, దేహంలోని మామూలు కణాలే అండాలుగా, శుక్రకణాలుగా మారుతాయి. సముద్రపు పురుగులు కొన్ని అండాలను దేహకుహరంలోకి రాల్చి, మలినాలు పోయే గొట్టాలద్వారానే బయటికి పంపుతాయి. కొత్త దారి తవ్వడంకన్న పాత దారి వాడుకోవడమే ప్రకృతికి అలవాటు. మగకప్పలో శుక్రకణాలు మూత్రపిండంగుండా పోవడం, ఒకప్పుడు కళాశాలలో కప్పను కోసినవారందరికీ తెలిసినదే. మనలోనూ అంతే. పిండదశలో పుట్టి మాసిపోయే పాత మూత్రపిండం తాలూకు గొట్టమే మగవానిలో శుక్రనాళమైంది. పక్కనున్న మరొక నాళం స్త్రీలో గర్భాశయమైంది. ఏడోవారంనాటికి ప్రతి మానవ పిండంలోనూ ఆ రెండు జతలూ వుంటాయి. తరువాత ఒకటి పెరిగి రెండోది కృశిస్తుంది. స్త్రీని వేరే మట్టితో చేసినట్టు మాట్లాడే పండితులకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

మళ్ళీ దోమ దగ్గరికి వద్దాం. మగదోమ కుట్టదు, పూలతేనెతో సరిపెట్టుకుంటుంది. ఆడదోమ కలయికలో అందుకున్న శుక్రకణాలను కడుపులో ఒక చిన్న సంచిలో దాచుకుంటుంది. అనాఫిలిస్ జాతిలో సాధారణంగా ఆ ఒక్క కలయికే జీవితకాలానికి సరిపోతుంది. నీటిలో ఎవరి బీజాన్ని వారు వదిలే రోజులనుంచి నేలమీది బ్రతుకుకు వచ్చిన జీవికి ఈ సంచి ఎంత ఉపకారమో చెప్పనక్కరలేదు. ఇక అండాలు పండడానికి మాంసకృత్తులు కావాలి. వాటికోసమే నెత్తురు. హుసేన్ ఖాన్ అణా చొప్పున అమ్మినది ఆ అండకోశానికి ఆహారం. అదే గుటకలో అతని జ్వరపు క్రిమి కూడా లోపలికి పోయి తన పెండ్లి జరుపుకున్నది.