తాత చేసిన కొయ్య ఇంజను

హోసూరులో మా ఇంటి నడవలో ఒక గాజు పెట్టె ఉంది. దాంట్లో ఒక అంబాసిడర్ కారు ఇంజను ఉంది. మూరెడు పొడవు కూడా ఉండదు. వాల్వుల స్ప్రింగులు తప్ప అంతా కొయ్యే. పక్కనున్న పిడి తిప్పితే నాలుగు పిస్టన్లు లేస్తూ పడుతూ ఉంటాయి, ఎనిమిది వాల్వులు వరసలో తెరుచుకుని మూసుకుంటాయి. ఇంటికొచ్చిన చుట్టాలు "ఇది యాడ కొన్నారు?" అని అడుగుతారు. కొన్నది కాదు, మా తాత చేసింది. దాని కథ చెప్పాలంటే మా వాళ్ల పని గురించీ, ఈ ఊరి గురించీ కొంచెం చెప్పాలి.

మా వాళ్లది బాగలూరు పక్కన ఒక పల్లె. వడ్రంగం ఇంటి పని. ఈ సీమను మొరసునాడు అంటారు. తాత పుట్టినప్పుడు ఇది సేలం జిల్లా. 1965లో ధర్మపురి జిల్లా అయింది. ఆయన పోయినాక, 2004లో కృష్ణగిరి జిల్లా అయింది. జిల్లాలు మారినాయి గానీ మేము ఊరు మారలేదు, ఇంట్లో మాట మారలేదు.

తాత చిన్నప్పుడు చేసిందంతా ఎద్దుల బండ్ల పనే. ఇరుసు, ఆకులు, కాడి, కడచీల. చక్రానికి ఇనుప పట్టా వేసే రోజు పల్లెలో పిల్లలంతా చేరేవాళ్లంట. పట్టాను చక్రం చుట్టుకొలత కన్నా కొంచెం తక్కువగా చేస్తారు. పిడకల మంటలో ఎర్రగా కాలిస్తే అది సాగుతుంది. అప్పుడు చక్రానికి తొడిగి నీళ్లు పోస్తారు. చల్లారేటప్పుడు ముడుచుకుని చక్రాన్ని గట్టిగా పట్టేస్తుంది. కాలిన ఇనుము చల్లారితే ఎంత ముడుచుకుంటుందో తాతకు పుస్తకం చెప్పలేదు, బండి చక్రం చెప్పింది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ముందర పనికొస్తుంది.

కోయంబత్తూరు

బండ్ల పని తగ్గిపోతా ఉండగా తాత కోయంబత్తూరు పోయినాడు. అక్కడ మోటార్లు, పంపులు, మిల్లు యంత్రాల పరిశ్రమను నిలబెట్టిన వాళ్లలో తెలుగు మాట్లాడే నాయుళ్లు చాలామంది. జి.డి. నాయుడు గారు 1920లో ఒకే ఒక బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టినారు. మన దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారును 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి చేసినారని పేరు. ఆ ఊరినిండా ఫౌండ్రీలు. ఫౌండ్రీకి ఇనుము కరిగించేవాడు ఎంత ముఖ్యమో, వడ్రంగి కూడా అంతే ముఖ్యం. ఈ మాట చెప్తే ఇప్పటి పిల్లలు నమ్మరు.

ఎందుకంటే, పోత పోసే ఏ వస్తువుకైనా ముందు కొయ్యతో అచ్చు చెయ్యాలి. దాన్ని ప్యాటర్న్ అంటారు. రెండు సగాలుగా చేసి, చుట్టూ తడి ఇసుక దట్టించి, కొయ్యను మెల్లగా పైకి తీస్తారు. ఇసుకలో మిగిలిన ఖాళీలోకి కరిగిన ఇనుము పోస్తారు. కొయ్య పైకి వచ్చేటప్పుడు ఇసుక రాలకుండా నిలువు గోడలకు ఒకటి రెండు డిగ్రీల వాలు పెట్టాలి. సిలిండర్ లాంటి బోలు భాగాల కోసం ఇసుకతోనే ముద్దలు చేసి లోపల నిలబెడతారు. ఆ ముద్దలకు అచ్చుపెట్టెలూ కొయ్యవే.

ఇప్పుడు బండి పట్టా గుర్తు చేసుకోండి. పోత ఇనుము చల్లారేటప్పుడు మీటరుకు సుమారు 10 మిల్లీమీటర్లు ముడుచుకుంటుంది. 400 మిల్లీమీటర్ల ఇనుప దిమ్మె కావాలంటే కొయ్య అచ్చు 404 ఉండాలి. అల్యూమినియం అయితే ఇంకొంచెం ఎక్కువ. అందుకే ప్యాటర్న్ వడ్రంగులకు వేరే స్కేలు ఉంటుంది, దాని మీద గీతలే కొంచెం దూరంగా ఉంటాయి. తాత ఆ స్కేలు చూసిన మొదటి రోజే "ఇది మా పట్టా లెక్కే కదా" అన్నాడంట. మా జేజి ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు.

తిరిగి హోసూరుకి

1970లలో హోసూరులో సిప్‌కాట్ పారిశ్రామిక వాడ వచ్చింది. 1980లో అశోక్ లేలాండ్ ఇక్కడ ఫ్యాక్టరీ తెరిచింది. అదే ఏడు టీవీఎస్ 50 మోపెడ్ ఇక్కడి నుంచే బయటికొచ్చింది. చల్లగాలికి పేరున్న చిన్న ఊరు ఇంజన్ల ఊరైపోయింది. తాత తిరిగొచ్చి ఒక చిన్న ప్యాటర్న్ షాపులో చేరినాడు. ఇరవై ఏండ్లు ఇంజన్ల ముక్కలకు అచ్చులు చేసినా, ఒక ఇంజను మొత్తంగా తిరగడం ఆయన చేతుల్లో ఎప్పుడూ జరగలేదు. ఆ కొరతతోనే ఈ పని మొదలైంది.

బెంగళూరు రోడ్డులో ఒక మెకానిక్ షెడ్డులో విప్పి పెట్టిన అంబాసిడర్ ఇంజను ఉంటే, ఆదివారాలు పోయి కొలతలు తీసుకున్నాడు. అది 1489 సీసీ ఇంజను. సిలిండరు వ్యాసం 73 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 88.9. తాత అన్నిటినీ సగం చేసినాడు. వ్యాసం 36.5, నడక 44.5. కొలత సగమైతే లోపలి పరిమాణం సగం కాదు, ఎనిమిదో వంతు అవుతుంది. అంటే మా ఇంజను సుమారు 186 సీసీ! చిన్నప్పుడు ఈ లెక్క నాకు తాత కొయ్య దిమ్మెలు పేర్చి చూపించినాడు.

దిమ్మెకు టేకు పలకలు ఒకదాని మీద ఒకటి అతికించినాడు. క్రాంకుషాఫ్టును ఒకే కొయ్యలో చెక్కితే ఈనెకు అడ్డంగా వచ్చే చోట విరిగిపోతుంది, అందుకని ముక్కలుగా చేసి చీలలు కొట్టి కలిపినాడు. పిస్టన్లకు అంకుడు కొయ్య. ఆంధ్రలో ఏటికొప్పాక బొమ్మలు చేసేదీ, మనకు దగ్గరి చన్నపట్నం బొమ్మలు చేసేదీ ఈ మానుతోనే. కడ్డీల్లాంటి పుష్‌రాడ్లు వెదురు పుల్లలు. అసలు ఇంజనులో క్రాంకు నుంచి క్యాముషాఫ్టును గొలుసు తిప్పుతుంది. కొయ్యతో గొలుసు కుదరక పండ్ల చక్రాలు పెట్టినాడు. రెండే పెడితే క్యాము ఎదురు దిక్కుకు తిరుగుతుంది, అందుకని మధ్యలో మూడోది.

అన్నిటికన్నా ఏడిపించింది వాన. తేమకు కొయ్య పొడవులో సాగదు, అడ్డంగా ఉబ్బుతుంది, అదీ అన్ని పక్కలా ఒకే తీరుగా కాదు. గుండ్రటి బెజ్జం కోడిగుడ్డు ఆకారమై, పిస్టన్లు బిగుసుకునేవి. తాత కొంచెం సందు ఎక్కువ ఇచ్చి, కొవ్వొత్తి మైనం పూసి ఆ బాధ తీర్చుకున్నాడు. రెండేండ్ల సాయంత్రాలు పట్టింది.

పొయ్యిలోకి పోయింది, మిగిలింది

తాత 1998లో పోయినాడు. తర్వాత ఇల్లు మార్చి కట్టేటప్పుడు ఇంజను విప్పి గోతాల్లో వేసినాము. ఆ గందరగోళంలో ఆయన అచ్చుపెట్టెలు, ఇంజనులోని మధ్య చక్రం, క్యాముషాఫ్టు కడ్డీ స్నానాల నీళ్ల పొయ్యిలోకి పోయినాయి. ఎవరో కాదు, మేమే వేసినాము. పాత కొయ్య ముక్కలే కదా అనుకున్నాము.

కొన్నేండ్ల కిందట మా అన్న కొడుకు, అప్పుడు తొమ్మిదో తరగతి, ఒక పాత బిస్కెట్ డబ్బాలో ఎనిమిది క్యాము ముక్కలు చూసి, ఇంజను మళ్లీ నిలబెడతానన్నాడు. వడ్రంగి దగ్గర కొత్త చక్రం, నాలుగు పలకల కొత్త కడ్డీ చేయించినాము. ముక్కల్లో చదరపు బెజ్జాలు ఉన్నాయి కాబట్టి ఒక్కో సిలిండరుకు పావు తిప్పి ఎక్కించాలని వాడికి అర్థమైంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వరసగా ఎక్కించినాడు. పిడి తిప్పితే మొదటి రెండు సిలిండర్లు సరిగ్గా ఆడినాయి. మూడో, నాలుగో పిస్టన్లు పైకి వచ్చేటప్పుడు గాలి పీల్చే వాల్వు తెరుచుకుంటోంది. అది పిస్టన్ కిందికి పోయేటప్పుడు తెరుచుకోవాల్సింది. మూడు రోజులు తల పట్టుకున్నాడు.

దిమ్మె అడుగున ఉలితో చెక్కిన ఒక నగిషీ ఉంది. అది పూవులాంటి డిజైను అనుకున్నాము. జేజికి అప్పటికి ఎనభై దాటినాయి, చూపు మసక. దిమ్మెను ఒళ్లో పెట్టుకుని వేలితో తడిమి, "యాలరా ఇట్ల ఏడుస్తారు? ఒగటి, మూడు, నాలుగు, రెండు. పావు పావు తిప్పమని రాసిండాడు కదా" అనింది.

౧ ౩ ౪ ౨. తెలుగు అంకెలు. నాలుగు సిలిండర్ల ఇంజనులో మంట రగిలే వరస. ఒకటీ నాలుగూ జోడీగా లేస్తాయి, రెండూ మూడూ జోడీగా లేస్తాయి కాబట్టి 1-2-3-4 అనే వరస కుదరనే కుదరదు. తాత ఆ సంగతి దిమ్మె అడుగునే చెక్కి పోయినాడు. మాకే చదవను రాలేదు.

మా పిల్లలు తమిళం, ఇంగ్లీషు బాగా చదువుతారు. 2006 చట్టంతో తమిళనాడు బళ్లలో తమిళం తప్పనిసరి అయింది. ఇక్కడ బతికేవాళ్లకు తమిళం కావాల్సిందే. కానీ తెలుగు ఇంట్లోనైనా నేర్పాల్సింది మేము, నేర్పలేదు. నేను కథలు చదవగలను గానీ పాత అంకెలు నాకూ రావు.

ఇప్పుడు అచ్చులు కంప్యూటరు మిషన్లు కోస్తున్నాయి. ఈ జిల్లాలోనే ఎలక్ట్రిక్ స్కూటర్లు తయారవుతున్నాయి, వాటిలో పిస్టనే లేదు. మీ ఇండ్ల అటకల మీద కూడా ఇట్లాంటి కొయ్య ముక్కలు ఏవైనా ఉంటే, పొయ్యిలో పెట్టే ముందు ఒకసారి తిరగేసి అడుగున చూడండి. చదవగలిగిన పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నప్పుడే చూపించండి.

మావాడు కొత్త కడ్డీ చివర తాత చెక్కినట్టే ఆ నాలుగు అంకెలు చెక్కినాడు. మూడు కొంచెం వంకర పోయింది. జేజి తడిమి చూసి, "అయిదు కూడా నేర్పిస్తాను, రా" అనింది.